ఫోను లాక్కోవడమేనా రక్షణ?

పోయిన నెల నల్గొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు ఆన్‌లైన్‌లో జాగ్రత్తగా ఎలా ఉండాలో టీచరు పాఠం చెబుతున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దు, ఫొటోలు పంపొద్దు, పేరూ ఊరూ చెప్పొద్దు, పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వొద్దు అని పిల్లలంతా ఒక్క గొంతుతో వల్లె వేశారు. తర్వాత నేనొక ప్రశ్న అడిగాను. "ఫోన్లో ఆట ఆడుతుంటే ఎవరో ఫొటో పంపమన్నారు. మీరు పంపేశారు. ఇప్పుడు ఎవరికి చెబుతారు?"

గదంతా నిశ్శబ్దం. చివరికి నాలుగో తరగతి పాప ఒకతి లేచింది. "ఎవ్వలికీ చెప్ప మేడం. చెప్తే మా నాయిన ఫోన్ గుంజుకుంటడు. పిల్లను సూసుకోక ఏం జేస్తున్నవని అమ్మను తిడ్తడు."

మన పాఠంలో ఏం లోపించిందో ఆ పిల్ల చెప్పేసింది. మనం నేర్పుతున్నవన్నీ 'వద్దు'లే. వద్దన్న పని ఒకసారి జరిగిపోయాక తప్పు పిల్లదే అవుతుంది. పిల్లల్ని వలలో వేసుకునేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. వాళ్లు మెల్లగా స్నేహం చేస్తారు, ఒక రహస్యం కల్పిస్తారు, ఆ పైన "ఇంట్లో చెబితే నిన్నే కొడతారు" అని బెదిరిస్తారు. ఆ బెదిరింపు నిజమవుతుందని పిల్లకు ముందే తెలుసు!

ఈ తర్కం స్త్రీలకు కొత్తది కాదు. దారిలో ఎవడో అల్లరి పెడితే ఆడపిల్ల చదువు మానిపించిన సమాజమే ఇప్పుడు ఆమె చేతిలో ఫోను లాక్కుంటోంది. అదే ఇంట్లో అన్న ఫోను అన్న దగ్గరే ఉంటుంది. నేరం చేసినవాడిని వదిలేసి, నేరానికి గురైనవారిని కట్టడి చేయడాన్ని రక్షణ అని ఎలా అంటాం?

'తల్లులు కనిపెట్టుకుని ఉండాలి' అన్నది మరో సలహా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతం, పురుషులలో 57.4 శాతం. తన చేతికి రాని ఫోనుకు తల్లిని కాపలా పెట్టడం, ఏదైనా జరిగితే ఆమెనే నిందించడం ఏం న్యాయం? పోనీ పిల్లలకు ఫోనే ఇవ్వకూడదందామా? 2020లో బడులు మూసేసినప్పుడు పాఠాల కోసం ఫోను చేతికిచ్చింది మనమే కదా.

చట్టం మనకన్నా ఒక అడుగు ముందే ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. లైంగిక ఉద్దేశంతో పిల్లలను ఆన్‌లైన్‌లో పదేపదే వెంటాడడం, అశ్లీల చిత్రాలు చూపడం దాని ప్రకారం నేరాలు. నేరం సంగతి తెలిసీ పోలీసులకు చెప్పని పెద్దలకు శిక్ష ఉంది. చెప్పలేకపోయిన పిల్లలకు మాత్రం లేదు. పసివాళ్ల మౌనాన్ని చట్టం తప్పు పట్టలేదు. మన ఇళ్లు పడుతున్నాయి.

అందుకే మొదటి పాఠం 'వద్దు' కాకూడదు. "ఏం జరిగినా తప్పు అడిగినవాడిదే, నీది కాదు" అన్నది మొదటి పాఠం కావాలి. ఇంట్లో ఒకరు, బడిలో ఒకరు, చెప్పుకోదగ్గ పెద్దలెవరో ప్రతి బిడ్డా ముందే ఎంచుకోవాలి. వాళ్లెవరూ లేకపోతే 1098కి ఫోను చేయవచ్చని తెలియాలి. వచ్చిన మెసేజీలు చెరిపేయకుండా చూపించాలని తెలియాలి. ఇతరుల ఫొటో అడగడం, పదిమందికీ పంపడం తప్పని మగపిల్లలకు చిన్ననాడే నేర్పాలి.

పిల్లలకన్నా ముందు పాఠం నేర్వాల్సింది పెద్దలు. బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశాలకు తండ్రులను కూడా రప్పించి ఒక్క మాట తీసుకుందాం: నిజం చెప్పిన బిడ్డను కొట్టం, బడి మానిపించం, ఫోను లాక్కోం. ఆ మాట ఇవ్వకుండా పిల్లలను "మాకు అన్నీ చెప్పండి" అని అడిగే హక్కు మనకు లేదు.