ఇజ్రాయెల్ వలస కార్మికుల కూలి, విశ్రాంతి, భద్రతపై తీర్మానం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్‌కు పనికి పోయినవారి కుటుంబాలు, అక్కడ పనిచేసి తిరిగివచ్చినవారు కోరుట్లలో సభగా కూడి చేసిన తీర్మానం ఇది.

మనవాళ్లు అక్కడ ఎక్కువగా చేసేది ముసలివాళ్ల సేవ. కోషర్ ఆచారం పాటించే యూదుల ఇళ్లలో పాల వంటకూ మాంసం వంటకూ గిన్నెలు వేరు, తోమే పీచు కూడా వేరు. ఆచారం పాటించే ఇంట్లో సబ్బాతు నాడు, అంటే శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడేదాకా దీపం స్విచ్చి కూడా ముట్టరు. ఈ కట్టుబాట్లను మనవాళ్లు మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నారు. అదే యూదు ధర్మశాస్త్రం కూలివాడి గురించి చెప్పినదాన్ని కూడా అంతే నిష్ఠగా పాటించమని అడిగే హక్కు మనకుంది.

కూలివాడు స్వజనుడైనా పరదేశి అయినా పొద్దుగూకకముందే కూలి చేతిలో పెట్టాలన్నది తోరాలోని ద్వితీయోపదేశకాండం విధి. నిచ్చెనెక్కి ప్రాణానికి తెగించేది కూలి కోసమే కాబట్టి, దాన్ని ఆపడం ప్రాణం తీయడంతో సమానమని తాల్ముద్ పండితులు తేల్చారు. సబ్బాతు విశ్రాంతి ఇంటి పనివారికీ పరదేశికీ చెందుతుంది. వలస కార్మికుడిని ఒకే యజమానికి కట్టేసే పద్ధతిని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2006లో తప్పుపట్టింది. ఆ కేసు నడిపిన కావ్ లఓవెద్ సంస్థకు ఈ సభ కృతజ్ఞతలు తెలుపుతున్నది. అయితే ఇంట్లోనే ఉండి సేవచేసేవారికి ఓవర్‌టైం చట్టం వర్తించదని అదే కోర్టు 2009లో చెప్పి, 2013లో ఖాయం చేసింది. రాత్రి మాటిమాటికీ లేచి మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పే పనికి లెక్క లేకుండా పోయింది. ఈ తీర్పుతో సభ ఏకీభవించడం లేదు.

2021 మేలో అష్కెలాన్‌పై జరిగిన రాకెట్ దాడిలో కేరళ కేర్‌గివర్ ఒకరు చనిపోయారు. సైరన్ మోగితే నడవలేని ముసలాయనను వదిలి షెల్టర్‌కు ఉరకడం ఇలా సేవచేసేవాళ్లకు సాధ్యం కాదు. ప్రాణం కాపాడడానికి సబ్బాతునైనా పక్కనపెట్టమనే ధర్మం యూదులది. అందుకే రక్షణ గది ఉన్న ఇళ్లకే మనవాళ్లను పంపాలని సభ కోరుతున్నది.

2023 అక్టోబరు తర్వాత పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసినందువల్లే నిర్మాణ పనుల్లో మన యువకులకు పిలుపు పెరిగిందన్న సంగతి మనం మరవరాదు. ఆ కూలీల పొట్ట కొట్టి మనం బతకాలని ఎవరమూ కోరుకోం. పాలస్తీనా రైతుల పక్షాన నిలబడే యూదు మతగురువులు ఆ దేశంలోనే ఉన్నారు. వారి మాట నెగ్గాలి.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల పరిహారాన్ని ఇజ్రాయెల్‌లో చనిపోయినవారి కుటుంబాలకూ ఇవ్వాలి. ఏజెంట్లకు లక్షలు పోసి మిత్తిల కింద నలిగే అవసరం లేకుండా విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానే పంపాలి. ప్రయాణానికి ముందు సబ్బాతు, కోషర్ నియమాల గురించి తెలుగులో చెప్పించాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని తెలుగు యూదులు, బెనె ఎఫ్రాయీం కుటుంబాలవారు, ఒప్పుకుంటే వారికన్నా తగినవారు దొరకరు.

పరదేశంలో అడిగే న్యాయం ఇంటి దగ్గర ఇవ్వకుండా ఉండలేం. సిరిసిల్ల సాంచాల మీద పనిచేసేవారికీ, బీడీలు చుట్టే ఆడవాళ్లకూ కూలి బాకీ పెట్టబోమని సభలోని యజమానులు, ఆసాములు, కమీషన్‌దారులు మాట ఇచ్చి సంతకాలు చేయాలి.

ఈ తీర్మానం ప్రతులను జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లా కలెక్టర్లకు, టామ్‌కామ్‌కు, టెల్ అవీవ్‌లోని భారత రాయబార కార్యాలయానికి పంపాలని సభ ఏకగ్రీవంగా నిర్ణయించింది.