మతిమరుపును వయసు మీదికి తోసేస్తే ఎట్లా?

ఎర్రగుంట్ల: జేజినాయన అన్నం తిని కూడా తినలేదన్నా, రోజూ నడిచే దారి మరచి వేరే వీధికి పోయినా ‘వయసు మీద పడింది, చాదస్తం’ అని ఊరుకోవడం పల్లెల్లో మామూలైపోయింది. వయసుతో చిన్నచిన్న మరపులు సహజమే. కానీ తన పని తాను చేసుకోలేనంతగా మతి తప్పడం జబ్బు. డాక్టర్లు దానిని డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటిన నూరుమందిలో ఏడుగురికి పైగా ఈ జబ్బు ఉన్నదని 2023లో వెలువడిన అంచనా. పట్టణాలకన్నా పల్లెల్లోనే ఇది ఎక్కువ.

దీనిని పూర్తిగా ఆపే మందు లేదు. అయితే 14 కారణాలను అదుపులో పెట్టగలిగితే నూటికి 45 కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యం కావచ్చునని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం 2024లో తెలిపింది. రక్తపోటు, చక్కెర జబ్బు, పొగతాగడం, మితిమీరిన మద్యం, తలకు దెబ్బలు, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం, కలుషితమైన గాలి వాటిలో ఉన్నాయి.

ఇవన్నీ ఎర్రగుంట్ల ప్రాంతానికి కొత్తవి కావు. నాపరాళ్లు కోసే, పాలిష్ పట్టే మిషన్ల హోరులో ఏళ్ల తరబడి పనిచేసేవారికి చెవులు దెబ్బతింటాయి. వినపడనివారు నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. మాటా మంతీ తగ్గితే మెదడుకూ పని తగ్గుతుంది. కాబట్టి యజమానులు కూలీల చెవులకు రక్షణ, దుమ్ముకు మాస్కులు ఇవ్వాలి. ఏటా వినికిడి పరీక్ష చేయించాలి. మోటారు సైకిలెక్కేవారు హెల్మెట్ మరవరాదు.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాలు గమనించదగ్గవి. ఒకే భాష వచ్చినవారికంటే రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే ఈ ప్రాంతంలో పక్కింటివారి భాషలో పలకరించుకోవడానికి ఖర్చేమీ లేదు. ముసలివారిని మూల మంచానికి వదిలేయకుండా రచ్చబండ దాకా నడిపించడం, వారితో మాట్లాడటం ఇంటివారి బాధ్యత.

అసలు జాగ్రత్త నడివయసులోనే మొదలు కావాలి. 40 దాటిన ఆడవారు, మగవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి బి.పి., షుగరు చూపించుకోవాలి. కాస్త నిమ్మళించిందని మాత్రలు మధ్యలో మానరాదు. బీడీ మానాలి. మతి తప్పాక మంత్రాలకు, తాయెత్తులకు తిరిగి అప్పులపాలు కావడంకన్నా ఒళ్లు బాగున్నప్పుడే ఒకపూట పని మానుకొని పరీక్ష చేయించుకోవడం మేలు.