చెప్పగలిగితేనే మార్కు: మదీనాగూడ టీచర్ల తొలి ప్రణాళిక

హైదరాబాదులో మియాపూర్, చందానగర్‌ల మధ్య ముంబై హైవేకి అటూ ఇటూ ఉన్న బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లం మేం. మాలో సర్కారు బడివాళ్లూ, ప్రైవేటు బడివాళ్లూ ఉన్నారు. సంఘానికి ఇంకా పేరు పెట్టుకోలేదు. పేరు దగ్గర పేచీ మొదలైతే పని మొదలుకాదని వాయిదా వేశాం. చాట్‌బాట్ల విషయంలో మా తరగతుల్లో ఏం చేస్తామో, ఏం చెయ్యమో తల్లిదండ్రుల ముందూ అధికారుల ముందూ చెప్పడానికే ఈ ప్రణాళిక.

నిషేధం మా దారి కాదు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న జనంలోకి వచ్చింది. న్యూయార్క్ నగర బడులు 2023 జనవరిలో దాన్ని అడ్డుకుని, అయిదు నెలలు నిండకుండానే మేలో తలుపు తీశాయి. మన దగ్గరైతే 2025లో ఇలాంటివి సిమ్ రీచార్జితోపాటే ఉచితంగా వచ్చిపడ్డాయి. ఆ ఏడాది నవంబరు నుంచి ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ గో ప్లాన్‌ను మన దేశంలో ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. బడి గేటు దగ్గర ఫోన్లు లాక్కుంటే వాడకం సాయంత్రం నాలుగున్నర దాకా ఆగుతుంది, అంతే.

అసలు నొప్పి మార్కుల దగ్గరుంది. మన ఫార్మేటివ్ అసెస్‌మెంటు (ఎఫ్‌ఏ)కి 20 మార్కులు: భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు 5, రాత పనులకు 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5. భాషల్లో మొదటి అయిదూ చదివిన పుస్తకం మీద పిల్లలు రాసే నాలుగు మాటలకి. చాట్‌బాట్ చేసిపెట్టలేనిది ఒక్క స్లిప్ టెస్టే. మిగతా 15 మార్కుల పని అన్నం తినేలోపు అయిపోతుంది. అంతకుముందు ఈ ప్రాజెక్టులు నిఖార్సుగా ఉండేవని మేం అనడం లేదు. గైడులోంచి పేరాలు, జిరాక్స్ షాపు బొమ్మలు, అట్టమీద అమ్మ చేతిరాత, ఇవన్నీ చూసి సంతకాలు పెట్టినవే. చాట్‌బాట్ వచ్చి ఆ నాటకాన్ని కాస్త చవక చేసింది.

కాబట్టి మా మొదటి నిర్ణయం: కాగితం చూసి మార్కు వెయ్యం. రాసుకొచ్చినదాని మీద పిల్ల లేచి నిలబడి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఈ మాట ఎందుకు వాడావు, ఈ లెక్కలో మూడో మెట్టు ఎలా వచ్చింది, ఈ కథలో నీకు నచ్చని మనిషి ఎవరు అని అడుగుతాం. ఎవరు రాసిపెట్టారని మాత్రం అడగం. అరవై మంది ఉన్న సెక్షన్లో తలకి రెండు నిమిషాలంటే రెండు గంటలు, అంటే దాదాపు మూడు పీరియడ్లు. ఆ టైము ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్రాజెక్టుల సంఖ్య తగ్గిస్తే వస్తుంది. తనిఖీకి వచ్చే అధికారులూ, ప్రైవేటు యాజమాన్యాలూ బీరువాలో ఫైళ్ల దొంతర చూపించమనడం మానేస్తే వస్తుంది. ఇది మా డిమాండు.

రెండోది, పోలీసు పని మేం చెయ్యం. ఏఐ రాతను పట్టేస్తామనే సాఫ్ట్‌వేర్లు బడులకు అమ్ముడవుతున్నాయి. ఓపెన్‌ఏఐ తయారుచేసుకున్న అలాంటి పరికరమే సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో మూసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించిందేమిటంటే, ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని ఈ పరికరాలు తేల్చాయి. మన పిల్లలంతా ఆ బాపతే. కష్టపడి రాసిన పిల్లని దొంగ అనే పరికరం మా బడి మెట్లెక్కడానికి వీల్లేదు.

వాడకం సంగతి. ఎనిమిదో తరగతి లోపు పిల్లల చేతికి చాట్‌బాట్ ఇవ్వం. తరగతిలో తెర మీద టీచరే నడుపుతారు. యునెస్కో 2023 సెప్టెంబరు మార్గదర్శకాలు కూడా 13 ఏళ్లను కనీస వయసుగా సూచించాయి. పై తరగతుల్లో దాన్ని తప్పులు పట్టడానికి వాడతాం. ఉదాహరణకి వాన మీద ఒక ఆటవెలది రాయమని అడగండి. తడుముకోకుండా రాసేస్తుంది. పిల్లలతో గణ విభజన చేయించండి. ఒకటో మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉన్నాయా? రెండూ నాలుగూ పాదాల్లో అయిదూ సూర్యగణాలేనా? నాలుగో గణం మొదట యతి కుదిరిందా? తరచూ ఎక్కడో అక్కడ తప్పుతుంది, కానీ తప్పిందని ఒప్పుకోదు. ఛందస్సంటే ముఖం ముడుచుకునే పిల్లలు యంత్రాన్ని ఓడించడానికైతే గురులఘువులు గబగబా వేసేస్తారు. సోషల్ టీచర్లు ఇక్కడి ఈర్ల చెరువు గురించి అడిగించి, ఆ జవాబు పట్టుకుని పాత కాపురస్తుల దగ్గరికి పంపవచ్చు.

చాట్‌బాట్ మనిషి కాదనీ, మనం అన్నదానికల్లా తలూపే గుణం దానికుందనీ పిల్లలకు పాఠంలా చెప్పాలి. మరీ ఇచ్చకాలు పలుకుతోందని 2025 ఏప్రిల్లో ఓపెన్‌ఏఐ ఒక అప్‌డేట్‌ను తానే వెనక్కి తీసుకుంది. రాత్రిళ్లు దానితో మనసు విప్పుకుంటున్న పిల్లల్ని తిట్టకండి, వాళ్లు చెప్పేది వినండి.

టీచర్లకూ ఒక కట్టుబాటు. లెసన్ ప్లానుకో, ప్రశ్నల బ్యాంకుకో, ఒడిశా నుంచి వచ్చిన భవన కార్మికులైన తల్లిదండ్రులకు ఒడియాలో చీటీ రాయడానికో చాట్‌బాట్‌ను వాడుకోండి. వాడితే తరగతిలో ఆ మాట చెప్పండి. పిల్లల పేర్లు, మార్కులు, ఫొటోలు, జవాబు పత్రాలు మాత్రం అందులో ఎక్కించకూడదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

ఇక్కడ గేటెడ్ అపార్టుమెంటు పిల్లవాడికి సొంత ల్యాప్‌టాప్, డబ్బు కట్టిన చాట్‌బాట్, పక్కన కూర్చుని చెప్పే సాఫ్ట్‌వేరు నాన్న ఉన్నారు. వెనక వీధిలో ఇంటికొకటే ఫోను, అది నాన్నతోపాటు సైటుకి వెళ్లిపోతుంది. అందుకే చాట్‌బాట్ అవసరమయ్యే పని ఏదైనా బడి వేళల్లో, బడి కంప్యూటరు మీదే. ఇంటికి ఇవ్వం.

2025 ఫిబ్రవరిలో ఎక్‌స్టెప్ ఫౌండేషన్‌తో కలిసి తెలంగాణ ప్రభుత్వం కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో ఏఐతో తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టింది. దాన్ని మేం వ్యతిరేకించడం లేదు. అందులో పిల్లలు ఎక్కడ ముందుకు పోయారో, ఎక్కడ ఆగిపోయారో ఆ బడుల టీచర్ల నోటితో వినాలి. ఆ వివరాలు అందరికీ అందుబాటులో పెట్టమని విద్యాశాఖను అడుగుతున్నాం.

తోటి టీచర్లకు మా విన్నపం ఒక్కటే. వచ్చే ఎఫ్‌ఏలో ఒక్క ప్రాజెక్టుకి నోటిమాట మీద మార్కులు వేసి చూడండి. ఏం జరిగిందో ఒక పేజీ రాసుకుని రెండో శనివారం కలవడానికి రండి. కుదరలేదని రాసుకొచ్చినా పట్టుకుని రండి.