కోత ఒక్కపూట, మందులు బ్రతుకంతా

బరువు తగ్గించే శస్త్రచికిత్సల ప్రకటనలలో మనకు కనిపించేవి రెండే బొమ్మలు: మునుపటి దేహం, తరువాతి దేహం. ఆ రెంటి నడుమ ఉండవలసిన మందులచీటీ ఏ బొమ్మలోనూ ఉండదు. నా అభియోగమంతా ఆ లేని చీటీ గురించే.

ఈ చికిత్సకు నేను వ్యతిరేకిని కాను. కడుపులో అధికభాగాన్ని తీసివేసే స్లీవ్ గానీ, చిన్న సంచి చేసి పేగుకు కలిపే బైపాస్ గానీ అలంకారం కోసం చేసేవి కావు. బీఎమ్ఐ 35 దాటినవారికి, ఆసియావాసులలో 27.5 దాటినా, దీనిని సూచించవచ్చునని 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు చెప్పాయి. మధుమేహులెందరికో ఇది మేలు చేసింది. నా తగవు కోతతో కాదు, కోతతోనే పని ముగిసిందనే ధోరణితో.

సూర్యాపేట - ఖమ్మం దారిలోని మోతెనే తీసుకోండి. కోత హైదరాబాదులో జరిగినా బ్రతుకు మోతెలోనే సాగాలి. అక్కడొక తల్లిని ఊహించండి. చక్కెర జబ్బు, రక్తపోటు, నాట్లేసి నాట్లేసి అరిగిన మోకాళ్ళు. కాలేయం కుదించుకోవడానికి రెండు వారాల మితాహారం, రక్తపరీక్షలు, పొగాకు మానడం - ఇవన్నీ ముందుగా చేయిస్తారు. కానీ ఆమె మింగే ప్రతి మాత్రనూ, ఆరెంపీ పొట్లంలో కట్టిచ్చిన పేరులేని గోళీతో సహా, బల్లమీద పోయించి చూసేవారెందరు?

చక్కెరకు మనవైపు విరివిగా వాడేది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర. శస్త్రచికిత్స తరువాత బరువు తగ్గకముందే, రోజుల్లోనే చక్కెర దిగుతుంది. పాత మోతాదులోనే గ్లిమిపిరైడ్ వేసుకుంటే అది ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందులోని మెట్‌ఫార్మిన్ సాధారణంగా మెల్లగా కరిగే రకం. మారిన పేగులో అది పూర్తిగా ఒంటబట్టకపోవచ్చు, నూరి మింగితే మోతాదంతా ఒక్కసారే విడుదలవుతుంది. అలాగని సొంతంగా మానేయడమూ తగదు. ఏది తగ్గించాలో, ఏది మార్చాలో వైద్యుడే ముందుగా నిర్ణయించి వ్రాసివ్వాలి.

ఇక మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్. బైపాస్ అయినవారికి ఈ జాతి మందులు అతుకు దగ్గర పుండు పుట్టించగలవు. "సూదే కదా, కడుపులోకి పోదు కదా" అనుకోవడం భ్రమ. సూదిమందు కూడా రక్తంలో చేరి అదే హాని చేస్తుంది. పారాసిటమాల్‌తో మొదలుపెట్టాలన్న మాట ఆ ఆరెంపీకి ఎవరు చెప్పారు?

బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ - ఇవి కోర్సు కావు, జీవితాంతం వాడవలసినవి. ఇనుము, కాల్షియం మాత్రలకు మధ్య రెండు గంటల ఎడమైనా ఉండాలి. వాంతులు ఆగకపోతే బి1 తరిగి నరాలకూ మెదడుకూ ముప్పు. "కొత్త కడుపు కదా, సర్దుకుంటుంది" అని ఇంట్లో కూర్చోరాదు.

"చీటీ ఇస్తూనే ఉన్నాం, పాటించకపోతే మేమేం చేస్తాం?" అంటారు. ఇస్తారు, ఆంగ్లంలో, మరో వైద్యుడికి మాత్రమే అర్థమయ్యేట్టు! చదవలేని ఆజ్ఞను పాటించలేదని రోగిని నిందించడం ఏ ధర్మం? బీమా నియంత్రణ సంస్థ 2019లో ఈ శస్త్రచికిత్సకు బీమా వర్తించే షరతులను నిర్దేశించింది. కాని జీవితాంతపు మాత్రల ఖర్చు సాధారణంగా రోగి కొంగుముడిలోంచే రావాలి. ఆ లెక్క కోతకు ముందే చెప్పడం కనీస నిజాయితీ.

నేను అడిగేది ఒక్క తెలుగు పుట. మానవలసినవి, తగ్గించవలసినవి, కొత్తవి, ఎన్నడూ ముట్టరానివి - నాలుగు వరుసలు. దాని నకలు ఊరి మందుల దుకాణానికి, ఆరెంపీకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. 2019లో సూర్యాపేటకు వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల వంటిచోట ఏటేటా రక్తపరీక్షలు జరగాలి. ఈ ఏర్పాటు లేకుండా రోగిని ఇంటికి పంపడాన్ని నేను చికిత్స అనను.

వైద్యులైన బ్లాగ్మిత్రులు నా మాటలో తప్పుంటే దిద్దండి. లేకుంటే ఆ పుటను తెలుగులో వ్రాయడానికి పూనుకోండి.