ఎంపీసీ లేకపోతే డేటా సైన్స్ మనది కాదా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న ఇదే గ్రూపులో మెళియాపుట్టి వైపు చెల్లి ఒకామె అడిగింది. "నాది హెచ్ఈసీ. స్టాటిస్టిక్స్, మెషిన్ లెర్నింగ్ సర్టిఫికెట్ ఏదైనా చెయ్యొచ్చా?" అని. కింద వరసగా జవాబులు: ఎంపీసీ ఉండాలి, జేఈఈ రాసుండాలి, అవన్నీ మనకెందుకమ్మా, గ్రూప్స్‌కి చదువుకో. సాయంత్రానికి ఆ చెల్లి పోస్టు తీసేసింది. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఇంటర్ అయ్యాక నాకూ ఇదే మాట చెప్పారు. నాది బైపీసీ. నమ్మేసి ఏడాది పోగొట్టుకున్నాను.

మద్రాస్ ఐఐటీ 2020లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన డేటా సైన్స్ కోర్సే తీసుకోండి. జేఈఈ అక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివుండాలి. ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు. ముందు నాలుగు వారాలు పాఠాలు వాళ్లే చెప్తారు: ఇంగ్లీషు, లెక్కలు, స్టాటిస్టిక్స్, కంప్యూటేషనల్ థింకింగ్. వారం వారం అసైన్‌మెంట్లు పెట్టి, తర్వాత సెంటర్‌కి వెళ్లి క్వాలిఫయర్ పరీక్ష రాయాలి. ఎస్టీలకి దాని ఫీజు సగమే. పాసయ్యాక కూడా కులం, ఇంటి ఆదాయం బట్టి ఫీజులో 75 శాతం దాకా తగ్గింపు ఉంది. ఫౌండేషన్‌లో ఎనిమిది కోర్సులు పూర్తి చేస్తే, అక్కడితో ఆగిపోయినా సర్టిఫికెట్ ఇస్తారు. మెషిన్ లెర్నింగ్ మాత్రం అందులో రాదు, ఆ తర్వాత డిప్లొమాలో వస్తుంది. డిగ్రీ చదువుతూ ఇంకోటి చెయ్యకూడదంటారు గాని, 2022లోనే యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలకి ఒప్పుకుంది.

మరి మనవాళ్లు ఎందుకు కనబడరు? అసలు అర్హతలు కాగితం మీద రాయలేదు కాబట్టి.

మొదటిసారి నేను క్వాలిఫయర్ తప్పాను. పోయింది లెక్కల్లో. ఫంక్షన్లు అన్నారు. పదో తరగతి తర్వాత నేను లెక్కల పుస్తకం ముట్టుకుంటే కదా! వీడియో ఒకసారి చూస్తే ఇంగ్లీషు అర్థమయ్యేది, రెండోసారికి లెక్క, మూడోసారికి డేటా అయిపోయేది. నేనున్న హాస్టల్లో కంప్యూటర్ గదికి సాయంత్రం అయిదుకే తాళం. మేం కాలేజీ నుంచి వచ్చేదే అయిదున్నరకి. పైథాన్ కోడ్ ఫోన్‌లో టైపు చేసి చూడండి, బొటనవేలు ఏమవుతుందో తెలుస్తుంది.

స్టాటిస్టిక్స్ మాత్రం నాకు కొత్తగా అనిపించలేదు. మా అమ్మ పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పనికి వెళ్తుంది. 320 నంబరు అంటే పౌనుకి 300 నుంచి 320 గుండ్లు తూగే పప్పు, 180 అంటే బాగా పెద్ద పప్పు. అమ్మ గుప్పెడు తీసి చూసి బస్తా ఏ నంబరో చెప్పేస్తుంది. పాఠంలో 'శాంపిల్' అన్నప్పుడు నాకు ఆ గుప్పెడే గుర్తొచ్చింది. అమ్మ చెయ్యి ఏళ్ల తరబడి నేర్చుకున్నదాన్ని, మిషన్‌కి వేల ఫొటోలు చూపించి నేర్పిస్తే అదే మెషిన్ లెర్నింగ్. ఏటి, ఇంతేనా అనిపించింది నిజంగా.

అమెరికాలో ప్రిన్‌స్టన్ యూనివర్సిటీ ఇంతకుముందు ఇచ్చిన ఈ రెండు సబ్జెక్టుల సర్టిఫికెట్‌కి అప్పట్లో పెట్టిన షరతులు చదివాను. ఐదు కోర్సులు, వాటితో పాటు ఈ పద్ధతులు వాడి సొంతంగా చేసిన ఒక పని. నాకు ఆ చివరి షరతే నచ్చింది. అలా అడిగితే మన దగ్గర పనికి కొదవా? ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో ఇన్నేళ్లయినా తేలలేదు. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, నొప్పి మాత్రలా? ఒక్కోదాని వాటా ఎంతో విడదీసి చూడ్డానికి స్టాటిస్టిక్స్ కావాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఏ తోటలో ఎన్ని జీడిచెట్లు పడిపోయాయో లెక్క రాసేటప్పుడు కొండ మీద పోడు తోటలు ఆ లెక్కలోకి ఎలా వస్తాయి? ఇలాంటి ప్రశ్న అడగాలంటే ముందు ఆ ఊరు తెలియాలి. ఆ అర్హత మనకుంది.

సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. ఒక్క ఫౌండేషన్ చూసి ఎవరూ పిలిచి జీతం ఇవ్వరు. ఇంట్లో అప్పుండి డీఎస్సీకో కానిస్టేబుల్‌కో చదువుతున్న అన్నల్ని తప్పుపట్టను, రేపు నేనూ అదే చెయ్యొచ్చు. కానీ తెలియకుండా "నీకు అర్హత లేదు" అని ఇంకొకరికి చెప్పకండి.

గిరిజన సంక్షేమ శాఖ వాళ్లకి మనం అర్జీ పెట్టాలి. లాప్‌టాప్‌లు పంచమని కాదు, పంచిన రోజు ఫొటోతో అయిపోతుంది అది. హాస్టళ్లలో కంప్యూటర్ గది రాత్రి పది దాకా తెరవమని, నెట్ పెట్టమని, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ పిల్లలకి వేసవిలో రెండు నెలలు లెక్కలు చెప్పించమని, పరీక్ష సెంటర్‌కి వెళ్లడానికి చార్జీలు ఇమ్మని. నేను విశాఖ వెళ్లి రాయడానికి అమ్మ రెండు రోజుల కూలి పోయింది. సంతకాలు పెట్టేవాళ్లు కింద పేరు, హాస్టల్ రాయండి. అర్జీ నేను రాస్తాను.

ఆ చెల్లి ఇది చదువుతుంటే, పోస్టు మళ్లీ పెట్టమ్మా. మొదటి లెక్కల కోర్సుకి తెలుగులో రాసుకున్న నోట్సు నా దగ్గర నాలుగు పుస్తకాలున్నాయి, ఫొటోలు తీసి గ్రూపులో పెడతాను. రెండోది, మాత్రికలు, కాలిక్యులస్ ఉన్నది, నాకే ఇంకా పాసవలేదు. టెక్కలి చుట్టుపక్కల అది తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందు నాకు చెప్పండి.