పొగ కనబడకపోతే పాసైనట్టేనా?

జల్లాఖ్‌లో నేనుండే చోటికి సఖీర్ రేస్ ట్రాక్ దగ్గర. 2004 నుంచి అక్కడ ఫార్ములా వన్ పోటీలు జరుగుతున్నయి. రేసు గెలిచినా, తర్వాతి తనిఖీలో కారు నిబంధనకు తేడాగా ఉన్నదని తేలితే ఆ గెలుపు పోయినట్టే.

మొన్న శుక్రవారం గోదావరిఖని నుంచి బాబాయి కొడుకు ఫోన్ చేసిండు. బీఎస్-6 టిప్పర్ నడుపుతడు, డౌన్ పేమెంట్ నేనే పంపిన. "అన్నా, నువ్వు సాఫ్ట్‌వేరోనివి గద, ఈజీఆర్ బందుచేసే ఫైలు దొరుకుతదా? యాడ్‌బ్లూ ఖర్చు గూడ తప్పుతదంట."

ఈజీఆర్ అంటే పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు. దానివల్ల మంట వేడి తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతయి. మిగిలినవాటిని సైలెన్సర్ దారిలో యాడ్‌బ్లూ, అంటే యూరియా నీళ్లు, విరగ్గొడతయి. ఈజీఆర్ మూసేస్తే మసి తగ్గుతది, కంటికి కనబడని విషం పెరుగుతది. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో డీజిల్ బండికి చూసేది పొగ చిక్కదనమే. బీఎస్-4 బండికి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు ముందువాటికి 65. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే లేదు. అంటే మోసం చేసిన బండికి ఇంకా చక్కటి చీటీ వస్తది!

2015లో బయటపడ్డ ఫోక్స్‌వ్యాగన్ బాగోతం ఇదే. దాదాపు కోటీ పది లక్షల కార్లు. ల్యాబ్ పరీక్షను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ రాసింది మా జాతి ఇంజనీర్లే. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీవాళ్లు రోడ్డు మీద కొలిస్తేనే అసలు రంగు తెలిసింది.

చట్టం లేక కాదు. 2019 సవరణ ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకు యజమానికి అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అదే ఏడు జనవరిలో, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధనలు ఢిల్లీవి, నిజమే. కానీ పొల్యూషన్ సెంటర్లకు లైసెన్సు ఇచ్చేది, ఫిట్‌నెస్ చూసేది రాష్ట్ర రవాణా శాఖ. 2014 జూన్ 2 తర్వాత అది మన శాఖ. ఉమ్మడి పాలకుల మీద తోసే వీలు ఇక లేదు. లారీలకు ఎనిమిదేండ్ల దాకా రెండేండ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉన్నది. అప్పుడు స్కానర్ పెట్టి కంప్యూటర్ చదివితే, ఒక మనిషి వంగి పైపులు చూస్తే చాలా మోసాలు దొరుకుతయి. ఇది రాకెట్ సైన్సు కాదు, నేను రోజూ చేసే లాగ్ ఫైళ్ల పనికన్నా సులువు.

పరాయి దేశంలో కూసోని నీతులు చెప్పుడు సులువే. తమ్ముడు అన్నది వేరే. "పక్క టిప్పరోళ్లందరు చేయించుకున్నరు. కిరాయి వాళ్ల రేటుకే కొట్టాలె. నేనొక్కన్ని నిఖార్సుగా ఉంటె ఈఎంఐ ఎట్ల కట్టాలె?" తనిఖీ లేనిచోట నష్టపోయేది నియమం పాటించినోడే. ఆ పొగ పీల్చేది మా చిన్నమ్మే, టిప్పర్లు పోయే రోడ్డు మీదనే ఇల్లు.

ఫైలు ఇయ్యనన్న. యాడ్‌బ్లూ పైసలు మూడు నెలలు నేను పంపుతనన్న.

"ఆ తర్వాత?" అన్నడు.