చార్మినార్ కమానులోకి తొంగి చూడండి

గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్తే పాత నాణేల గుట్టలు కనిపిస్తాయి. 'రెండొందల ఏళ్లది సార్' అనే మాట ఫ్రీ. నేనా మాట వినను, నాణేన్నే అడుగుతా.

నాకిష్టమైంది చార్మినార్ ఉన్న నిజాం రూపాయి. కమాను మధ్యలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. అంటే 1911కి అటా, ఇటా అన్నది అక్కడే తేలిపోతుంది. ఏడాది మాత్రం హిజ్రీలో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1329కి 1911 వస్తుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉందిగా! ఆ అంకెలు నేర్చుకోడానికి ఓ సాయంత్రం చాలు.

మొన్న మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, అణా, 1818. పాతిక వేలట! బయట లక్షలు పలుకుతుందట. వెంటనే ఫోన్ చేసి 'డబ్బులు పంపకురా' అన్నా. మద్రాసులో కంపెనీ వేసిన బంగారు వరహాల మీద విష్ణుమూర్తి ఉన్న మాట నిజమే. రాముడితో అణా మాత్రం ఎప్పుడూ వేయలేదు. 'మరి అంత నల్లగా ఉందేంటన్నయ్యా?' అన్నాడు. మందు పూస్తే కొత్త ఇత్తడి కూడా నల్లబడుతుంది నాయనా!

పాత నాణేలు కొంటాం, ముందు ఫీజు కట్టండి అనే లింకులు కూడా వస్తుంటాయి. వాటిని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఇంట్లో నిజంగానే పాతది దొరికిందా? చింతపండు పెట్టి తోమకండి. మెరిసే నాణేనికి సేకర్తలు ధర తగ్గిస్తారు.